కోసిగి సంతలో అమెరికా ఫోటోలు

నన్ను ఒకసారి ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ సంగతి వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు గొంతు తగ్గిస్తారు. నేను తగ్గించను. ఆ తర్వాత బడి ఆఫీసులో గుమాస్తాగా చేరి, జుట్టు నెరిసేదాకా పనిచేసి, దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని రిటైరయ్యాను. ఆ శాలువా ఇప్పుడు ఎక్కడుందో కూడా నాకు తెలీదు. మొదటి ఉద్యోగం పోయిన రోజు మాత్రం చొక్కా రంగుతో సహా గుర్తుంది. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి వాళ్ళకు చెబుదామని రాస్తున్నాను. బుద్ధులు చెప్పే ఓపిక నాకు లేదు. జరిగింది చెబుతాను, మీకు తోచింది మీరు చేసుకోండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇందులో ఎవరి పేరూ ఉండదు. పేర్ల కోసం ఉద్యోగం పోగొట్టుకున్నవాడు పేర్లు దాచడమేమిటని నవ్వుకుంటారేమో. ఎక్కడ రాయాలో అక్కడ వాళ్ళే దగ్గరుండి రాయించుకున్నారు. ఇక్కడ రాయమని నాతో ఎవరూ అనలేదు.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన కొత్త. నేను కడపలో ఒక ముగ్గురాయి వ్యాపారి దగ్గర టైపిస్టుగా చేరాను. వేంపల్లె, పులివెందుల వైపు దొరికే తెల్లటి బరువైన రాయి అది. అమెరికాలో నూనె బావులు తవ్వేటప్పుడు దాని పొడి వాడతారట. మా యజమాని ఆ రాయిని మద్రాసు ఓడరేవు మీదుగా అక్కడికి పంపేవాడు. ఆఫీసులో ఉన్నది నేను, ఒక పెద్దగుమాస్తా, వెనక కొట్టంలో చెక్కపెట్టెలు చేసే వడ్రంగి సాయిబు. పెద్దగుమాస్తా భయస్తుడు. యజమాని దగ్గితే ఈయన లేచి నిలబడేవాడు. సాయిబు అట్లా కాదు. మేకులు పళ్ళ మధ్య పెట్టుకుని పనిచేసేవాడు కాబట్టి ఎవరికీ తొందరగా జవాబు చెప్పేవాడు కాదు, చెప్పినప్పుడు మాత్రం మొహమాటపడేవాడు కాదు.

ఒకరోజు అమెరికా నుంచి, మా రాయి కొనే కంపెనీ ద్వారా, ఒక కోరిక వచ్చింది. కొట్టం మూల ఇనప రేకుల కింద పడివున్న పాత పెట్టెల గురించి.

వాటి కథ ఊళ్ళో అందరికీ కొంత కొంత తెలుసు. మూగ సినిమాల కాలంలో హాలీవుడ్డు కంపెనీ ఒకటి జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసుకలో దిగింది. ఎడారి కథేదో తీయాలని వచ్చారు. ఎడారికి అంత దూరం రావాలా అని అడగకండి, నాకూ తెలీదు. మట్టితో, చాపలతో, సున్నంతో నది నడుమ ఒక అరబ్బు పట్టణం కట్టారు. ఒంటెల్ని తెప్పించారు. జనాన్ని సమకూర్చిపెట్టిన కాంట్రాక్టరు మా యజమాని తండ్రి. సినిమా సగంలో ఉండగా, ఏళ్ళ తరబడి తడి కనపడని పెన్నకు ఎగువ నుంచి నీళ్ళొచ్చాయి. ఆ పట్టణం కరిగి దిగువకు కొట్టుకుపోయింది. దొరలు ఓడెక్కి వెళ్ళిపోయారు. ఆ వెంటనే మాట్లాడే బొమ్మలొచ్చి ఆ కంపెనీ కూడా మునిగింది. వాళ్ళ కాగితాలు, ఫోటోలు, దుస్తుల బొమ్మలు, రోజువారీ షూటింగు లెక్కలు మాత్రం మా కొట్టంలో మిగిలిపోయాయి. ఇప్పుడు ఆ కంపెనీని కొనుక్కున్నవాళ్ళు తమ చరిత్ర భద్రపరుచుకోవాలనుకున్నారు. అన్నీ సర్ది, ఇంగ్లీషులో జాబితా టైపు చేసి పంపమన్నారు.

యజమాని ముఖం వెలిగిపోయింది. "ఈ పని బాగా చేసినామంటే మన రాయి ఇంకో పదేళ్ళు కొంటారు. జాగ్రత్తగా చెయ్యప్పా," అన్నాడు నాతో.

జాగ్రత్తగానే చేశాను. కాగితాలు చెద పట్టినవి పట్టగా మిగిలినవి దులిపాను. ఫోటోలు అట్టపెట్టెల్లో ఉండడంతో చాలావరకు బాగున్నాయి. రెండు అరచేతులంత పెద్దవి, గోధుమ రంగువి. ప్రతిదాని వెనక టైపు చేసిన ఇంగ్లీషు చీటీ అంటించి ఉంది. హీరో పేరు, హీరోయిన్ పేరు, కెమెరా అతని పేరు. అమెరికా నుంచి వెంట తెచ్చుకున్న ఒక తెల్ల గుర్రం పేరు. దాని కళ్ళెం పట్టుకుని నిలబడ్డ మనిషికి 'నేటివ్'. వంటవాళ్ళు, ఒంటెల వాళ్ళు, కత్తులు పట్టుకున్న అరబ్బు సైన్యం, అందరూ 'నేటివ్స్'. మొదట్లో నాకేమీ అనిపించలేదు. చీటీలో ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తూ పోయాను.

ఒక మధ్యాహ్నం సాయిబు పెట్టె కొలత కోసం వచ్చి నా బల్ల మీదికి వంగాడు. నోట్లోంచి మేకులు తీసి చేతిలో పోసుకున్నాడు.

"ఇదో, మా నాయన," అన్నాడు.

అరబ్బు పట్టణం గుమ్మం కింద భుజాన దూలం పెట్టుకుని ఒకాయన నవ్వుతున్నాడు. సాయిబుది కూడా అదే ముక్కు.

"ఆ గుమ్మం చేసింది ఆయనే. నీళ్ళొచ్చినప్పుడు అది శానా దూరం తేలుకుంటా పోయిందంట. ఏం రాసినారప్పా కింద?"

చదివి తెలుగులో చెప్పాను. "దూలంతో స్థానికుడు."

"పేరు లేదా?"

"లేదు."

"గుర్రానికి ఉండాదే?"

"ఉంది."

సాయిబు మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ తర్వాత టైపు మిషను మీద ఆ ఒక్క మాట దగ్గర వేళ్ళు ఆగిపోవడం మొదలైంది.

యజమాని దగ్గరికి వెళ్ళి అడిగాను. ఈ మనుషుల పేర్లు కనుక్కుని వెనక రాసి పంపుదామని.

"వాళ్ళు అడిగినారా?"

"అడగలేదు."

"అడగనిది ఎందుకప్పా? ఉన్నది ఉన్నట్టు పంపమన్నారు. నువ్వు టైపిస్టువి. చూసి కొట్టేదే నీ పని."

బయటికి రాగానే పెద్దగుమాస్తా నన్ను వరండాలోకి లాగాడు. "పెళ్ళి కావాల్సినోనివి, నీకెందుకు ఈ పేర్ల గోల? ఆ జనమంతా కోసిగి పక్కోళ్ళు. ఆ ఏడు ఆ పక్క కరువు. రైలెక్కొచ్చి ముద్దనూరులో దిగినారు. ఎవురున్నారో, ఎవురు పోయినారో," అన్నాడు.

పాపం, నన్ను ఆపాలని చెప్పాడు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పినట్టయింది.

సెలవు చీటీలో 'సొంత పని' అని రాశాను. జ్వరమనో, చుట్టాల పెళ్ళనో రాయొచ్చు. రాయబుద్ధి కాలేదు. జనం ఉన్న ఫోటోలన్నీ ఒక ట్రంకు పెట్టెలో సర్దుకున్నాను. సాయిబు ఒక తాడు, గుప్పెడు బట్టల క్లిప్పులు తెచ్చి ఇచ్చాడు. క్లిప్పులు ఆయనే చెక్కతో చేశాడు. "సంత రోజు పో. అప్పుడే అందరూ దొరుకుతారు," అన్నాడు. గుంతకల్లు మీదుగా బొంబాయి వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కి, ఆదోని దాటి కోసిగిలో దిగాను.

దిగాక తెలిసింది, నేను ఎంత తెలివిగా బయలుదేరానో. ఇస్త్రీ ప్యాంటు, చేతిలో ట్రంకు పెట్టె, జేబులో పెన్ను. సంతలో నన్ను చూడగానే సగం మంది మగవాళ్ళు మాయమయ్యారు. పన్ను బాకీల కోసం వచ్చానని కొందరు, కూలీలను దూరదేశం తోలుకుపోయే మేస్త్రీనని కొందరు అనుకున్నారు. రెండు వేపచెట్ల మధ్య తాడు కట్టి ఫోటోలు తగిలించేదాకా ఎవరూ దగ్గరికి రాలేదు. అంతలో గాలి లేచింది. ఫోటోలు గిరగిరా తిరగసాగాయి. ఒకటి ఊడి మిరపకాయల కుప్ప మీద పడింది. మిరపకాయలమ్మే ఆమె దాన్ని తీసి, తిట్టబోయి, ఆగిపోయింది.

"ఒసే, ఈడ మా చిన్నాయన ఉండాడే!" అని కేక పెట్టింది.

ఇక నేను చెప్పాల్సిందేమీ లేకపోయింది. సంత సంతంతా అటు తిరిగింది. బేరాలు మధ్యలో ఆగిపోయాయి. "వీడు చూడు, గడ్డం అంటించుకున్నాడు!" "ఆ కత్తి చెక్కది, ఎండకు రంగంతా చేతికంటుతాండె!" "ఒంటె నన్ను కరిసిన చోటు ఇదో!" అని ఒక ముసలాయన మోచెయ్యి ఎత్తి అందరికీ చూపించాడు. జన్మలో ఎప్పుడూ ఫోటో దిగలేదని అనుకుంటున్నవాళ్ళు తాడు మీద తమ పడుచు మొహాలు చూసుకుని, చేత్తో తడుముకున్నారు. ఒకాయన తనని తాను గుర్తుపట్టలేదు. పక్కవాళ్ళు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. భార్య వచ్చి, "ఆ నిలబడే తీరు సూడు, నువ్వే," అన్నాక తలూపాడు.

"పేరు చెప్పండి, వెనక రాస్తాను," అన్నాను.

"రాసి?"

"అమెరికాకు పోతుంది."

"మా పేరుతో వాళ్ళకేం పని?"

"వాళ్ళకు ఉన్నా లేకపోయినా రాస్తాను."

అదేమంత గొప్ప జవాబు కాదు. కానీ వాళ్ళకు నచ్చింది. వరసలో నిలబడ్డారు. మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని, మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు రాస్తూ పోయాను. రాసినదాన్ని చదవమనేవారు. చదివితే, "ఊఁ, అదే," అని పక్కకు జరిగేవారు.

అప్పుడొచ్చింది ఒక అవ్వ. తాడు పొడుగునా నడిచి చివరి ఫోటో దగ్గర ఆగింది. అది నీళ్ళ ఫోటో. సినిమాలో ఎడారి నడుమ ఒక నీటిగుంట కావాల్సివచ్చి, హీరోయిన్ స్నానం చేసే దృశ్యానికి ఇసుకలో గుంట తవ్వి, తారుగుడ్డ పరిచి, దూరపు బావి నుంచి మనుషులతో నీళ్ళు మోయించారు. కరువు ఏడు. భుజాల మీద కుండలతో మగవాళ్ళు బారుగా నడుస్తున్నారు. ముందున్నవాడు కెమెరా వైపు తిరిగి సూటిగా చూస్తున్నాడు.

"ఈయన మా ఇంటాయన," అంది అవ్వ.

"పేరు, అవ్వా?"

ఆమె నోరు తెరవలేదు. భర్త పేరు పలకని కాలం అది. వెనక నుంచి ఎవరో చెప్పబోయారు. ఇంతలో జనం పక్కకు తప్పుకున్నారు. ఆ ఊరి పెద్ద రైతు వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువా. కొత్త రాజధానిలో నాయకుల వెంట తిరుగుతున్నాడని, ఎన్నికల్లో నిలబడే ఆలోచన ఉందని తర్వాత తెలిసింది. తాడు వెంట చూసుకుంటూ వచ్చి అదే ఫోటో దగ్గర ఆగాడు. ఆయన మొహం మాడిపోయింది. ఆ బారులో రెండో మనిషి ఆయన తండ్రేనని పక్కనెవరో గొణిగారు.

ఆ కరువు ఏడు భూములున్నవాళ్ళు కూడా రైలెక్కారని నాకు అప్పుడే అర్థమైంది. ఇంటిల్లిపాదికి తిండి పెట్టడానికి ఒక మనిషి పక్క జిల్లాకు వెళ్ళి కూలీలతో కలిసి కుండ మోశాడు. నన్నడిగితే అంతకంటే పరువైన పని లేదు. కొడుకు అట్లా అనుకోలేదు.

"ఎవురు నువ్వు? ఎవురు పెట్టమన్నారు ఇవి?"

"నేనే పెట్టానండి."

"ఈ ఫోటో ఇట్లియ్యి."

"ఏం చేస్తారు?"

"చింపుతా. మా నాయన ఎవురికీ నీళ్ళు మోయలేదు."

ఆయన చెయ్యి చాపాడు. నేను ఫోటో తాడు మీంచి తీసి వీపు వెనక పెట్టుకున్నాను. ఆయన వెంట ఇద్దరు మనుషులున్నారు. "అయ్యా, మీ నాయనగారి పేరు వద్దంటే రాయను. చింపడానికి మాత్రం ఇవ్వను," అన్నాను.

ఆ ఇద్దరిలో ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. జేబు చిరిగి పెన్ను కింద పడింది. అవ్వ వంగి ఆ పెన్ను తీసుకుంది. నాకూ వాళ్ళకూ మధ్యకు వచ్చి నిలబడింది. మనిషి ఆ రైతు భుజం దాకా కూడా రాదు.

"ఏం చింపుతావప్పా? మీ నాయన్నా, నా మొగుణ్ణా?" అంది.

"నువ్వు పక్కకు పో అవ్వా."

"పోను. మీ నాయన, నా మొగుడు ఒగే కుండలో గంజి తాగినారు ఆ పెన్నలో. మీ నాయనకు జరమొస్తే నా మొగుడు రెండు కుండలు మోసినాడు. మీ నాయన బతికినంత కాలం ఆ మాట మా గడపలో కూసోని చెప్పినాడు. నీకు సిగ్గైతే నువ్వు కండ్లు మూసుకో."

అవ్వ నా వైపు తిరిగి పెన్ను నా చేతిలో పెట్టింది.

"రాయప్పా," అంది. ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, మొగుడి పేరు పైకి చెప్పింది. సంతలో చివరి బండి దగ్గర నిలబడ్డవాడికి కూడా వినపడేటట్టు చెప్పింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట ఎవరూ వినలేదని అక్కడి ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకోవడంతోనే తెలిసిపోయింది. "ఆయప్ప మోసినాడు నీళ్ళు. అట్లే రాయి."

రాశాను. నా చేతిరాత ఎప్పుడూ బాగుంటుంది. ఆ రోజు ఇంకా బాగా కుదిరింది.

పెద్ద రైతు కండువా సర్దుకుని, "నీ యజమాని ఎవురో కనుక్కుంటాలే," అని వెళ్ళిపోయాడు.

ఫోటో మళ్ళీ తాడుకు తగిలించబోతే అవ్వ వదలలేదు. రెండు చేతులతో రొమ్ముకు అదుముకుంది. అడగలేదు, బతిమాలలేదు, ఊరికే నా మొహం చూసింది. ఆ ఫోటో జాబితాలో ఉంది. నేనే టైపు చేశాను. అది లేకుండా వెనక్కి వెళితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

"తీసుకుపో అవ్వా," అన్నాను.

కడపలో నేను రైలు దిగేలోపే పెద్ద రైతు కబురు యజమానికి చేరిపోయింది. మరునాడు యజమాని నన్ను పిలిచాడు. బల్ల మీద నేను తీసుకెళ్ళిన ఫోటోలన్నీ బోర్లించి ఉన్నాయి. అన్నిటి వెనకా నీలం సిరాతో తెలుగు పేర్లు.

"అమెరికావోళ్ళ ఫోటోల మీద ఇదేం గిలుకుడప్పా?"

"ఫోటోలు వాళ్ళవే. మొహాలు మనవాళ్ళవి."

"మాటకు మాట నేర్చినావు. ఒగటి తక్కువుంది, యాడ?"

"కోసిగిలో ఒక అవ్వ దగ్గర. పొద్దున రాగానే జాబితాలో ఆ సంగతి టైపు చేసి పెట్టాను, చూడండి."

జాబితా తిరగేసి చూశాడు. ఆ ఫోటో అంకె ఎదురుగా ఇంగ్లీషులో కొట్టి ఉంది: 'దీని హక్కుదారు దగ్గర ఉన్నది.' ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా అరవలేదు. చెడ్డవాడు కాదు మా యజమాని, నెల నెలా జీతం సరిగ్గా ఇచ్చినవాడు. మెత్తగా అన్నాడు, "సూడప్పా, నేను ఊరికే పెద్దోణ్ణి కాలేదు. నువ్వు కోసిగికి పోయి ఆ ఫోటో తెచ్చెయ్. జాబితా ఇంగోసారి కొట్టు. ఆ పెద్దాయనకు ఒగ క్షమాపణ చీటీ రాయి. ఇంతటితో మర్చిపోతా."

పెద్దగుమాస్తా తలుపు పక్క నిలబడి, ఒప్పుకో అన్నట్టు కళ్ళతో సైగలు చేస్తున్నాడు.

"ఆమె చేతిలోంచి లాక్కురాను," అన్నాను. "జాబితాలో ఉన్నది నిజం, మార్చను. క్షమాపణ నేను చెప్పాల్సిన పని లేదు, నా చొక్కా చించింది వాళ్ళు."

"అయితే నువ్వు ఉండొద్దు."

"ఉండను."

అంతే. ఇంత చిన్న సంభాషణతో ఉద్యోగం పోతుందని మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

ఫోటోలు మళ్ళీ పెట్టెలోకి చేరేదాకా నేను కొట్టంలోనే ఉన్నాను. యజమాని వచ్చి ఆ పేర్లన్నీ బ్లేడుతో గీకించి పెట్టమని పెద్దగుమాస్తాకు చెప్పాడు. అప్పటికే సాయిబు మూత మీద చివరి మేకు కొడుతున్నాడు.

"తెరువు," అన్నాడు యజమాని.

సాయిబు సుత్తి కింద పెట్టాడు. "తెరిస్తే చెక్క పగులుతాది సామీ. ఇంగో పెట్టె చేయాల. రేపు బండి మద్రాసుకు పోకుంటే ఓడ పోతాది. మీ ఇష్టం."

"కావాలనే కొట్టినావు నువ్వు."

"ఔ, కావాలనే కొట్టినా. మా నాయన పేరు కూడా ఉండాది లోపల. నేనే రాసినా, ఉర్దూలో. నన్నూ పొమ్మంటే పోతా."

యజమాని ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. ఓడ సంగతి ఆలోచించాడో, తన తండ్రి సంగతి ఆలోచించాడో నాకు తెలీదు. ఆఖరికి, "బండిలో ఎక్కించండి," అని లోపలికి పోయాడు. సాయిబును పొమ్మనలేదు.

పెట్టె వెళ్ళిపోయింది. అమెరికాలో దానికి ఏం జరిగిందో ఈనాటికీ నాకు తెలీదు. ఏ బీరువాలోనో ఉందో, పేర్లు ఎవరో తడి గుడ్డతో తుడిచేశారో. మా నాయన మాత్రం నాతో కొన్ని నెలలు మాట్లాడలేదు. కుదరబోయిన సంబంధం ఒకటి తప్పిపోయింది. చాలా తిరిగాక పత్తికొండ బడిలో గుమాస్తా పని దొరికింది.

అక్కడ చేరిన మరుసటి ఏడు ఒక పగటిపూట, పిల్లలు పరీక్షలు రాసుకుంటున్నారు, ఒక మనిషి ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కాళ్ళకు మోకాళ్ళదాకా దుమ్ము. నడిచి వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది.

"సంతలో పేర్లు రాసినాయప్పవి నువ్వేనా?"

"నేనే. ఏం కావాలి?"

"ఆ దినం నేను ఊళ్ళో లేను. బళ్ళారి పక్క పనికి పోయింటి. నేను గూడా ఆ సినిమాలో ఉంటి. కోటగోడ మీద నిలబడి జెండా ఊపింది నేనే. ఫోటోలో పడ్నానో లేదో తెల్దు. నా పేరు రాయి."

"పెట్టె ఎప్పుడో వెళ్ళిపోయింది కదప్పా. ఇప్పుడు రాసినా అమెరికా పోదు."

"పోకుంటే పోనీ. నువ్వు రాయి."

హెడ్మాస్టరు తన గదిలోంచి తొంగి చూశాడు, ఏమిటీ గొడవ అన్నట్టు. నేను కుర్చీలోంచి లేవలేదు. తెల్లకాగితం తీసి, ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, జెండా ఊపిన సంగతి అంతా రాశాను. సిరా ఆరేదాకా ఆయన కదలలేదు.

"చదువు," అన్నాడు.

చదివాను.

"గట్టిగా చదువప్పా. అందరికీ వినపడాల."

హెడ్మాస్టరు చూస్తూనే ఉన్నాడు. నేను లేచి నిలబడి, గట్టిగా చదివాను.